ఏడో నంబరు బండి కింద రెండు కుంపట్లు

మే 9. మైనస్ 36.

ఇది నా పుస్తకం కాదు. నా బిడ్డ జమున ట్రిప్పు పుస్తకం. ముప్పై ఒక్క పేజీలు తను రాసింది. బండి నంబరు, ఎక్కించిన సరుకు, ఘాటు దాటిన టైము. మిగిలినవి ఖాళీ. డిపో వాళ్లు తన సంచి నా చేతికి ఇచ్చినప్పుడు ఈ పుస్తకం అందులో ఉంది. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే ఉండనీ. దిద్దే మనిషి పోయింది.

నా పేరు పోసవ్వ. మొండిగుట్ట ఘాటు కింద లారీల డిపోలో బండ్లకు వేడి పెడతాను. ఇరవై మూడు డీజిల్ లారీలు, అన్నీ ముసలివి. కరెంటు బండ్లు చలికి చచ్చిపోయాక, తుక్కులో పడి ఉన్న వీటిని గుంజుకొచ్చి నిలబెట్టారు. ఘాటు అవతల ఉన్న ఊళ్లకు బియ్యం, మందులు ఇవే మోస్తాయి. ఒక్క వారం ఎక్కకపోతే అక్కడ పొయ్యి వెలగదు.

రాత్రంతా నిలబడ్డ ఇంజన్‌లో నూనె బెల్లం పాకంలా బిగుసుకుంటుంది. పొద్దున ఏడింటికి కుంపట్లు రాజేస్తాను. మంట పోయి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర వచ్చాకే బండి కిందికి తోయాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చలి రాకముందు నేనూ మా ఆయనా బజారులో ఇస్త్రీ బండి పెట్టుకుని బతికాం. పెట్టెలో నిప్పు ఎట్లా ఉంటే బట్ట కాలకుండా మడత కూర్చుంటుందో తెలిసిన చెయ్యి ఇది.

బండికి రెండు కుంపట్లు. ఒకటి ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్ కింద. రెండోది డీజిల్ ట్యాంకు కింద. బానెట్ మీద బొంత కప్పి, చుట్టూ టార్పాలిన్ దించితే వేడి నిలుస్తుంది. రెండు గంటలు పడుతుంది. మధ్యమధ్యలో కిందికి దూరి చాంబర్‌కు చెయ్యి ఆనిస్తాను. జ్వరం వచ్చిన పిల్ల నుదురు ఎంత కాలుతుందో అంత రావాలి. అప్పుడు డ్రైవర్‌ను పిలుస్తాను. సెల్ఫ్ కొడతాడు. ఒకసారి అందుకున్న ఇంజన్‌ను ఘాటు దాటేదాకా ఆపకూడదు.

ఏప్రిల్ 27న ఏడో నంబరు బండి ఐదో మలుపులో ఆగిపోయింది. తోలింది జమున. ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు ఆఖరి బండి అదే, వెనక ఇంకెవరూ లేరు. పైన ఉన్న చౌకీ నుంచి దాటిందన్న కబురు రాకపోతే, మూడింటికి ఇంకో డ్రైవర్ ఖాజా తన బండి తీసుకుని ఎక్కాడు. అప్పటికే అయిపోయింది.

ఇవాళ బండి 4, బండి 11, బండి 19. మూడూ ఎక్కాయి.

మే 11. మైనస్ 36.

మే నెలలో మనుషులు ఎండకు చచ్చేవాళ్లంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆ ఎండలు తగ్గాలనే కదా ఆకాశంలో పొడి చల్లింది. తగ్గాయి.

డిపో ఇన్‌చార్జి విఠల్ సారు ఒక కాగితం పట్టుకుని నా షెడ్డుకు వచ్చాడు.

"పోసవ్వా, గీడ సంతకం పెట్టు. పంతొమ్మిదికి బోర్డు నుంచి ఎంక్వైరీకి వస్తున్నరు."

"ఏం రాసిన్రు సారు?"

"ఏముంటది? జరిగిందే."

"చదువుత."

"నువ్వా?" అని నవ్వాడు. "చదువు చదువు. తెల్లారేలోపు అయిపోతదా?"

వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. పెద్ద పెద్ద మాటల మధ్యలో నుంచి విషయం తేలింది. డ్రైవర్ మలుపులో బండి నిలిపి, ఇంజన్ ఆపి, నిద్రపోయింది. అందువల్ల చనిపోయింది.

"నా బిడ్డ పండలేదు సారు. పానా చేతుల ఉన్నది. గ్లౌజులు తీసేసి ఫిల్టర్ ఇప్పుతున్నది. సగం ఇప్పింది గూడ."

"చలి తలకెక్కితే మనిషి బట్టలే ఇడుస్తడు. గ్లౌజులదేమున్నది?"

"తాళం ఆన్ మీదనే ఉండెనట. ఖాజా చూసిండు."

"ఆహా, ఖాజా చూసిండా? ఖాజాను బోర్డుల కూసోబెడ్దాం మరి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీకు బొగ్గు చీటీ ఇచ్చేది డిపో. యాదిపెట్టుకో. చీటీ లేనిదాని ఇంట్ల కుంపటి ఉండదు."

సంతకం పెట్టలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఘాటు మీద పోయిన డ్రైవర్ పేరు ఆ బండి అద్దం పైన, నుదుటి మీద రాయిస్తారు. బండి 4 మీద మారుతి ఉన్నాడు. బండి 11 మీద శంకరమ్మ ఉంది. ఆ పేరుతోనే బండి తిరుగుతుంది, ఎదురొచ్చినవాళ్లు లైటు కొట్టి దండం పెట్టి పోతారు. తన తప్పుతో పోయినవాళ్లకు మాత్రం రాయరు. సంతకం పెడితే నా బిడ్డ బండి బోడి నుదురుతో తిరుగుతుంది. బతికినన్నాళ్లు ఒక్కనాడు ఇంజన్ ఆపి కూర్చున్న పిల్ల కాదు.

మే 13. మైనస్ 37.

ఏడో నంబరును గొలుసులు కట్టి దించుకొచ్చారు. షెడ్డులోకి రాగానే ఖాజా ఫిల్టర్ విప్పాడు. ఖాజా ముప్పై ఏళ్ల నుంచి స్టీరింగు పట్టిన మనిషి. జమునకు తోలడం నేర్పింది ఆయనే. అది ఆయనను సొంత చిన్నాన్నలా చిచ్చా అనేది.

"చూడక్కా," అని గిన్నె నా ముందు పెట్టాడు. డీజిల్ లేదు అందులో. తెల్లగా ముద్ద. "డాల్డా. పూరీలు చేసుకోవచ్చు."

"ఏందిది తమ్మీ?"

"చలికి డీజిల్ పేరింది. ఇంజన్ల, పైపులల్ల ఉన్నదానితోని బండి పది పన్నెండు నిమిషాలు మంచిగనే నడుస్తది. ఆయెనుక ట్యాంకుల నుంచి గీ డాల్డా గుంజుకొస్తది. ఫిల్టర్ మూసుకుంటది. ఇంజన్ గొంతు పిసికినట్టే ఇగ."

"ఐదో మలుపుకు ఎంతసేపు పడుతది?"

"పన్నెండు నిమిషాలు." గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "గ్యాసునూనె, అదే కిరోసిన్, కలిపితే ఇంత పేరదు. నాలుగు పాళ్లకు ఒక పాలు కలపాలె. ఫిబ్రవరి కాడికెల్లి చుక్క కలుపుతలేరు. ఆ నూనంత ఏడికి పోతున్నదో ఎరుకేనా? బోర్డు క్వార్టర్ల స్టవ్వులకు. ఆఫీసర్ల పాదాలు వెచ్చగుండాలె గదా. నీ బిడ్డను సంపింది విఠల్ సారు అక్కా. గిన్నెతో సహా సాక్ష్యం ఉన్నది. పంతొమ్మిది నాడు పెడుదాం బోర్డు నుంచి వచ్చే మేడం ముందు."

ఆ మాట విన్నాక నాకు ఆకలైంది. పదహారు రోజుల తర్వాత. ఇంటికి పోయి రెండు జొన్న రొట్టెలు తిన్నాను.

మే 14. మైనస్ 37.

ఏడో నంబరును లేపమన్నారు. వేడి పెట్టడానికి కింద దూరాను. ఇంజన్ అందుకుంది. ఇంతకంటే ఇవాళ రాయలేను.

మే 15. మైనస్ 38.

రాయాలి.

ఏప్రిల్ 25న ఏడో నంబరు ట్యాంకు కారుతుంటే కొత్తది బిగించారు. పచ్చ రంగు ట్యాంకు. రెండు రోజులు బండి వెచ్చటి రిపేరు షెడ్డులోనే ఉంది, వేడి పెట్టే పని పడలేదు. కొత్త ట్యాంకుతో బండి బయటికి వచ్చింది 27న. ఒక్కసారే.

ఏ ట్యాంకైనా మొదటిసారి నిప్పు తగిలితే అడుగున రంగు పొంగుతుంది. బుడగలు లేచి, పగిలి, నల్లగా అవుతుంది. డిపోలో ఉన్న ఇరవై రెండు ట్యాంకుల అడుగులూ అట్లాగే ఉంటాయి, కాలిన రొట్టెల్లా. నిన్న నేను వెల్లకిలా పడుకుని చూస్తే ఏడో నంబరు ట్యాంకు అడుగు నున్నగా, పచ్చగా మెరుస్తోంది. నిప్పు అన్నది దాన్ని తాకలేదు.

27న దానికి వేడి పెట్టింది నేను.

ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా ఆ పొద్దున కనబడుతూనే ఉంది. జమున వారం నుంచి దగ్గుతోంది. కేబిన్‌లో కూర్చుని కిటికీ సందులో నుంచి అరిచింది.

"అవ్వా, లోపట గడ్డకట్టి సస్తున్న. జెర జల్ది కానియ్యి."

"మందు తాగినవా?"

"తాగిన. గా మందు కంటే నీ కుంపటి నయం. కేబిన్లకు జర వేడిగాలి రానియ్యి, దగ్గు గిగ్గు అన్ని పోతయి."

ఇంజన్ కాగితేనే కేబిన్‌లోకి వేడి గాలి వస్తుంది. నాకు అప్పుడు అదొక్కటే తెలుసు. నా పిల్ల దగ్గుతోంది, దానికి వెచ్చగా ఉండాలి. ట్యాంకు కింద పెట్టిన కుంపటిని ఊచతో గుంజి ఇంజన్ కిందికి తోశాను. చాంబర్ కింద రెండు కుంపట్లూ పక్కపక్కన. కాసేపయ్యాక ఒకటి వెనక్కి జరుపుదాం అనుకున్నాను. జరపలేదు. గంటలోపే చాంబర్ కాగింది. సెల్ఫ్ ఒక్క కొట్టుకే ఇంజన్ అందుకుంది. చుట్టూ ఉన్న డ్రైవర్లు చూసి, పోసవ్వ చెయ్యంటే చెయ్యి అన్నారు. నేను నవ్వాను. జమున బొటనవేలు ఎత్తి చూపించి బండి కదిలించింది.

ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మొహాన్ని గోడకేసి రాసుకోవాలనిపిస్తుంది.

నా బిడ్డకు కేబిన్ వెచ్చగానే ఉండి ఉంటుంది. పన్నెండు నిమిషాలు.

మే 17. మైనస్ 38.

ఖాజాకు చెప్పాను. బండి 4 కింద ఇద్దరం ఉన్నాం, ఆయన గ్రీజు పెడుతున్నాడు. చెయ్యి ఆపలేదు. తల తిప్పలేదు.

"ట్యాంకు రంగు నేను దించిన నాడే చూసిన అక్కా."

"చూసినవా? చూసి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తువు? దాన్ని తిరిగి తెస్తువా?"

ఆయనే మళ్లీ అన్నాడు.

"ఎంక్వైరీ కాగితం నేను చూసిన, మారుతి పోయినప్పుడు. కారణం అని ఒక గడి ఉంటది. ఒక్కటే గడి. అండ్ల ఒక్కటే రాస్తరు. నువ్వు పోయి నీ కుంపటి సంగతి చెప్పినవనుకో, ఆ గడి నిండుతది. విఠల్ సారు మీసం తిప్పుకుంట ఇంటికి పోతడు. గ్యాసునూనె ఇగ జన్మల రాదు. ఇరవై మూడు బండ్లు, నలభై మంది డ్రైవర్లం. ఇంకెన్ని పేర్లు రాయిద్దామంటవు?"

"అబద్ధం చెప్పుమంటున్నవా?"

"సగం మింగు అంటున్న. గ్యాసునూనె లేనిది నిజమే గదా? మిగిలిన సగం నీ కడుపుల పెట్టుకో."

"పెట్టుకొని ఎట్ల బతకాలె తమ్మీ?"

ఈసారి గ్రీజు డబ్బా కింద పెట్టాడు.

"నాకు తెల్వదు. అది నన్ను చిచ్చా అని పిలిచేది. దాని చేతివేళ్లు గా ఫిల్టర్ కాడికెల్లి ఇడిపించింది నేను. నేనెట్ల బతుకుతున్ననో గదీ తెల్వదు."

ఇద్దరం ఆ బండి కిందే మిగిలిన గ్రీజు పెట్టాం. పైన మారుతి పేరు.

మే 19. గాజు గొట్టంలో పాదరసం గడ్డకట్టింది. అంటే 39 దాటింది. ఎంతో తెలియదు.

బోర్డు నుంచి వచ్చిన మేడం చిన్న వయసు మనిషి. బూట్లలో బొచ్చు, చేతికి బొచ్చు తొడుగులు. ఆఫీసు గదిలో స్టవ్వు వెలుగుతోంది. వాసన గ్యాసునూనెదే. ఆమె కాళ్ల దగ్గరే కాలుతోంది, ఆమెకు తట్టలేదు.

ఖాజా గిన్నె పెట్టి తన మాట చెప్పాడు. విఠల్ సారు తన మాట చెప్పాడు. తర్వాత నన్ను పిలిచారు.

"కూర్చో అమ్మా. ఆ రోజు వేడి పెట్టింది నువ్వేనా?"

"నేనే మేడం."

"నిప్పు ఎక్కడెక్కడ పెట్టావు?"

విఠల్ సారు నన్నే చూస్తున్నాడు. తలుపు దగ్గర ఖాజా తన బూట్లు చూసుకుంటున్నాడు.

"రెండు కుంపట్లు. ఒకటి ఇంజన్ కింద. ఒకటి ట్యాంకు కింద. ఎప్పటిలెక్కనే."

మేడం రాసుకుంది. "అయితే నీ లెక్కన బండి ఎందుకు ఆగింది?"

"డీజిల్ మంచిది కాదు."

అంతే. ఆ రెండు మాటలు చెప్పడానికి నాకు యాభై రెండేళ్ల బలం పట్టింది. ఆమె గడిలో ఏదో రాసి, దాని కింద గీత గీసింది. నీ బాధ అర్థమవుతుందమ్మా అంది. ఆమెకు ఎట్లా అర్థమవుతుంది?

మే 22. చలి అట్లాగే.

తీర్పు వచ్చింది. కారణం: ఇంధనంలో మిశ్రమ లోపం. డ్రైవర్ తప్పు లేదు. విఠల్ సారుకు ఒక మందలింపు కాగితం. గ్యాసునూనె పీపాలు పన్నెండు దించారు.

ఏడో నంబరు నుదుటి మీద పేరు రాశారు. పసుపు రంగు, ఎర్ర అంచు. రాసినవాడు మొదట ఒక అక్షరం వంకరగా వేసి, తుడిచి మళ్లీ వేశాడు. డ్రైవర్లందరూ వచ్చి నిలబడ్డారు. ఆ బండికి కొత్తగా వచ్చిన లింబాద్రి కొబ్బరికాయ లేక ఒక ఆలుగడ్డ పగలగొట్టాడు. నలభై ఏళ్ల మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి.

"పెద్దవ్వా, నీ బిడ్డ పోయి మా అందరి పానాలు నిలబెట్టింది. ఇగ నేను ఎక్కిన ప్రతిసారి చెల్లెకు చెప్పే ఎక్కుత."

ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. ఒకామె నా చేతిని కళ్లకు అద్దుకుంది. ఈ చేతినే. వెనక్కి గుంజుకున్నాను. దుఃఖంతో అనుకుంది.

ఇంటికొచ్చి ఆ చెయ్యి కడిగాను. బొగ్గు మసి గోళ్లలో నుంచి ఎన్నటికీ పోదు.

మే 26. 39 దాటే ఉంది.

పొద్దున విఠల్ సారు అందరినీ పోగేసి కొత్త ఆర్డరు చదివాడు. అతని గొంతులో తియ్యదనం చూస్తేనే నాకు భయమైంది.

"వినున్రి. ఎంక్వైరీల ఏం తేలింది? ఏప్రిల్ 27 నాడు ఏడో నంబరుకు ఇంజన్ కింద నిప్పు ఉండె, ట్యాంకు కింద గూడ నిప్పు ఉండె. పోసవ్వ సొంత నోటితోని చెప్పింది. అయినా బండి ఆగింది. అంటే ట్యాంకుకు నిప్పు పెట్టినా ఫాయిదా లేదన్నట్టు. గ్యాసునూనె కలిపితే సాలు. అందుకని రేపటి సంది బండికి ఒక్కటే కుంపటి. ట్యాంకు కుంపటి బంద్."

డ్రైవర్లు గొణుక్కుంటారనుకున్నాను. ఒకరిద్దరు తలలూపారు.

"నిజమే గదా," అన్నాడు లింబాద్రి. "చెల్లె బండికి రెండు పెట్టినా ఏమాయె? ఒక్కటైతే జల్ది ఎక్కుతం."

ఖాజా నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను.

తర్వాత షెడ్డు వెనకకు వచ్చాడు. "గ్యాసునూనె కలిపినా ముప్పై ఐదు దాటితే ట్యాంకుకు నిప్పు గావాలె అక్కా. పేరుడు జర ఆలస్యమైతది, గంతే. ఐదో మలుపు కాకపోతే ఎనిమిదో మలుపు."

"రేపు మొదటి బండి ఏది?"

"ఏడో నంబరు. లింబాద్రి."

"ఉట్టిగ చెప్తే వింటడా?"

"విన్నడు గదా ఇప్పుడు, నువ్వు మేడంకు చెప్పింది." బీడీ కోసం జేబులు తడుముకున్నాడు, లేదు. "నేనే తప్పు చెప్పిన అక్కా. సగం మింగుమన్న. సగం మింగితే మిగిలిన సగం గూడ అబద్ధమైంది. రేపు నేను చెప్పనా, నువ్వు చెప్తవా?"

"నా నోరే అన్నది. నేనే చెప్త."

మే 27. ఇంకా పాదరసం కదలలేదు.

ఏడింటికి కుంపట్లు రాజేశాను. ఒక్కటి సరిపోతుంది కదా అని విఠల్ సారు అన్నాడు, రెండు రాజేశాను. ఒకటి ఇంజన్ కిందికి తోసి, రెండోది షెడ్డులో ఉంచాను. తొమ్మిదిన్నరకు ఇంజన్ అందుకుంది. లింబాద్రి కేబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. నేను బండి ముందుకు పోయి నిలబడ్డాను.

"పెద్దవ్వా, జరుగు. వెలుతురు ఐదింటిదాకనే ఉంటది, దాటాలె."

"దిగు బిడ్డా. ఒక మాట చెప్పాలె."

"వచ్చినంక చెప్పొచ్చు."

"వస్తే గదా చెప్పేది."

ఆ మాటకు దిగాడు. మిగిలినవాళ్లు కూడా చుట్టూ చేరారు. విఠల్ సారు ఆఫీసులో నుంచి శాలువా కప్పుకుంటూ వచ్చాడు. నాకు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. చివరి నుంచి మొదలుపెట్టాను.

"జమున బండికి ఆ రోజు ట్యాంకు కింద నిప్పు లేదు. నేను తీసిన. పిల్ల దగ్గుతున్నదని, కేబిన్ జల్ది వేడెక్కాలెనని, రెండు కుంపట్లు ఇంజన్ కిందనే పెట్టిన. మేడం అడిగితే ఎప్పటిలెక్కనే అని అబద్ధం చెప్పిన. ట్యాంకు కింద వంగి చూడున్రి. పద్నాలుగు తారీకు నేను దాన్ని లేపినప్పుడు పొంగిన మరకలు కొత్తయి. పక్క బండివి చూసి దీనివి చూడున్రి, మీకే తెలుస్తది. ట్యాంకు నిప్పు పనిచేస్తది. అది లేకనే నా బిడ్డ పోయింది."

నా చేతిని కళ్లకు అద్దుకున్న ఆమె అక్కడే ఉంది. రెండు అడుగులు వెనక్కి వేసింది.

"ఓహో!" విఠల్ సారు గొంతు ఆ చలిలో కూడా వెచ్చగా వచ్చింది. "అంటే గ్యాసునూనెది తప్పు లేదన్నట్టే గదా? అందరి ముందట ఒప్పుకుంటున్నది, వినున్రి. కన్నతల్లే..."

"రెండూ సారు."

"ఏం రెండూ?"

"గ్యాసునూనె మీరు తీసిన్రు. నిప్పు నేను తీసిన. ఆనాటి చలికి రెండిట్ల ఏ ఒక్కటి ఉన్నా నా బిడ్డ దాటేది. మీరు తీసి ఊకున్నరు, నేను తీసి ఊకున్న. నా పేరు రాయిన్రి. పక్కన మీది గూడ రాయిన్రి."

"గడిల ఒక్కటే రాస్తరు పోసవ్వా."

"పట్టకపోతే గడి బయట రాయిన్రి. కాగితం పెద్దగనే ఉన్నది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అంతలో ఖాజా ముందుకొచ్చి, గిన్నె సంగతి మళ్లీ తనే చెప్పాడు. ట్యాంకు రంగు తనకు ముందే తెలుసనీ, నన్ను మింగమన్నది తనేననీ కూడా చెప్పాడు. ఒకరు ఆయనను బూతు తిట్టారు.

లింబాద్రి నా మొహం కూడా చూడలేదు. పెద్దవ్వా అనలేదు. తిన్నగా షెడ్డులోకి పోయి, మిగిలిన కుంపటిని తనే ఊచతో గుంజుకొచ్చాడు. బండి కింద మోకాళ్ల మీద వంగి ట్యాంకు అడుగుకు తోశాడు.

"ఆర్డరుంది లింబాద్రీ," అన్నాడు విఠల్ సారు.

"ఉండనీ సారు. మీరు ఎక్కుతరా గీ బండి? ఎక్కితే తీసేస్త."

ఇంజన్ నడుస్తూనే ఉంది. రెండు గంటలు అందరం నిలబడ్డాం. ఎవరూ నా పక్కన నిలబడలేదు. ఖాజా కూడా దూరంగానే ఉన్నాడు. అది నాకు నయమే అనిపించింది. నేను దూరి ట్యాంకుకు చెయ్యి పెట్టి చూడబోతే లింబాద్రి వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే చూసుకున్నాడు. సరిగ్గా చూడలేదు, చెయ్యి ట్యాంకు అంచున పెట్టాడు, మధ్యలో పెట్టాలి. ఇంకొంచెం లోపటికి బిడ్డా, అన్నాను. పెట్టాడు.

పదకొండు నలభైకి బండి కదిలింది. కదిలేముందు లింబాద్రి చేతికి ఒక కాగితం ఇచ్చాను, పై చౌకీ నుంచి బోర్డుకు పంపమని. ఇప్పుడు చెప్పిందంతా అందులో రాశాను, రెండు పేర్లతో. తీసుకున్నాడు. చించేస్తాడో పంపుతాడో తెలియదు.

విఠల్ సారు నా బొగ్గు చీటీ అడిగాడు. ఇచ్చాను. ఈ వారానికి ఉన్న బొగ్గు ఉంది. తర్వాత ఏమో. వేడి పెట్టడం ఎవరికైనా నేర్పి పొమ్మని మాత్రం ఎవరూ అనలేదు. అనకపోయినా ఆ రెండు గంటల్లోనే బండి 4కూ బండి 19కీ పోయి పెట్టి వచ్చాను. ఎవరూ వద్దనలేదు.

వైర్‌లెస్ దగ్గర అందరూ కూర్చున్నారు. నేను గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. పన్నెండో నిమిషం పోయింది. ఐదో మలుపు. ఇరవయ్యో నిమిషం పోయింది. ఎనిమిదో మలుపు. వేళ్లకు స్పర్శ లేదు.

ఒంటిగంటకు పై చౌకీ వాడి గొంతు గరగరమంటూ వచ్చింది. ఏడో నంబరు దాటింది, ఇంజన్ బాగుంది, చాయ్ అడుగుతున్నాడు.

లోపల చప్పట్లు కొట్టారు.

దాటింది. అదే బండి, అదే ట్యాంకు, ఆ రోజు కంటే ఎక్కువ చలి. ఇంతే. ఒక్క కుంపటి, రెండు గంటలు. నా బిడ్డకు కావలసింది ఇంతే.